పాటకీ పాటకీ మధ్య

మొదటి దెబ్బకి కొట్టు అద్దం తలుపు భళ్లున పగిలింది. రెండో దెబ్బకి క్యాసెట్ల మాస్టారి పెదవి చిట్లింది. మూడోది పడేలోగా ఆయన బల్ల కింద దూరాడు.

"క్యాసెట్ ఎక్కడ?" అన్నాడు వచ్చినవాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. చేతిలో ఇనుపరాడ్డు.

"ఏ క్యాసెట్ బాబూ? ఇక్కడ నాలుగు వేలున్నాయి."

"మా చెల్లెలు ఇచ్చింది. నెట్లో నీ చాటింపులో దాని చిన్నప్పటి బొమ్మ చూశాను."

అప్పుడు పోల్చుకున్నాడు మాస్టారు. ఈ పెద్దమనిషిని ఎరగనివాళ్లు ఆ పేటలో లేరు. ముప్ఫై ఏళ్ల కిందట సొంత తండ్రి తల పగలగొట్టి, పద్నాలుగేళ్లు జైల్లో కూర్చుని వచ్చిన ఘనుడు. వచ్చాక చెల్లెలు అతన్ని గడప కూడా తొక్కనివ్వలేదు.

పాత వీడియో క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించడం మాస్టారి వృత్తి. పాత పాటల వీడియోలంటే ఆయనకి పిచ్చి. ఆ పొగమంచు, ఆ తళతళల చొక్కాలు, ఫ్యానుగాలికి లేచే జుట్లు. ఇప్పటి పాటల్లో ఏముంది నా మొహం, అంటాడు. దొరికిన ప్రతిదీ నెట్లో పెడతాడు. ముప్ఫై వేలమంది చూస్తారు. పిచ్చివాళ్లకి లోకంలో కొదవా?

ఈ క్యాసెట్ మరీ అపురూపం. ఆ అన్నాచెల్లెళ్ల ఇంట్లో అప్పట్లో టీవీ రికార్డు చేసే మిషను లేదు. తండ్రి పెళ్లిళ్లకి వీడియోలు తీసేవాడు కాబట్టి కెమెరా ఉంది. ఆయన లేనప్పుడు పిల్లలు దాన్ని టీవీ ఎదురుగా స్టాండు మీద నిలబెట్టి పాటలు తీసుకునేవారు. పాట అయిపోయి తెర నల్లబడగానే టీవీ అద్దంలో గదంతా కనబడేది. అన్నాచెల్లెళ్లు అందులో చూసుకుంటూ కోతివేషాలు వేసేవారు. ఆ వేషాలకే మాస్టారు పడిపోయాడు. ఒక్క ముక్క కత్తిరించకుండా ఇవాళ పన్నెండింటికి పెడుతున్నానని అందరికీ చెప్పేశాడు.

"ఎంతవరకు చూశావు?"

"ఐదు పాటలు. మిగతావి ఇప్పుడు ఎక్కుతున్నాయి." మాస్టారు మూలనున్న టీవీకేసి చూసి, చూసినందుకు నాలిక్కరుచుకున్నాడు.

అందులో తొమ్మిదో పాట నడుస్తోంది. అతని మొహం పాలిపోయింది.

"ఆపు. ఇది తీసిన రోజే మా నాన్న పోయింది. అమ్మ దీన్ని ఎప్పుడో తగలబెట్టిందనుకున్నాను."

మాస్టారికి విషయం అర్థమైంది. ఒళ్లు మండింది కూడా. బల్ల కిందనుంచి పాక్కుంటూ వచ్చి అతని రెండు కాళ్లూ వాటేసుకున్నాడు.

"చంపానని కోర్టులో నువ్వే ఒప్పుకున్నావు. శిక్ష కూడా అయిపోయింది. ఇంకా దాచడానికేముంది నీ బొంద?"

సమాధానంగా రాడ్డు భుజం మీద పడింది. లోపల ఏదో పటుక్కుమంది. అయినా మాస్టారు వదల్లేదు.

"మీ అమ్మ బీరువాలో దొరికిందని మొన్న గుండెకి హత్తుకుని తెచ్చింది ఆ పిల్ల. ఆ రోజు సంగతి ఒక్కటీ గుర్తులేదట. పది రోజులు జ్వరంలో ఒళ్లు తెలియకుండా పడుందట. చిన్నతనంలో మిగిలింది ఈ పాటలే మాస్టారూ అని ఏడ్చింది. అవి కూడా లాక్కుంటావా?"

"లాక్కుంటాను."

మళ్లీ కొట్టాడు. నెత్తుటితో ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కన్ను టీవీ వైపే ఉంది. పాట ఆఖరి చరణం అయిపోయింది. తెర నల్లబడింది.

మాస్టారి పట్టు వదులైపోయింది.

అతను ఒక్క గెంతులో వెళ్లి టీవీ మీద రాడ్డు దించాడు. తర్వాత కంప్యూటర్ మీద. తర్వాత క్యాసెట్ ఆడే మిషను మీద. క్యాసెట్ ఊడబెరికి, రీలంతా పేగుల్లా బయటికి లాగి, చెత్తడబ్బాలో వేసి నిప్పంటించాడు. నల్లటి పొగ కొట్టంతా కమ్మింది.

ఆ పొగలోనే చెల్లెలు వచ్చింది. పన్నెండింటికి మాస్టారి పక్కన కూర్చుని పాటలు చూడాలని ముచ్చటపడి వచ్చింది. నేలమీద నెత్తురు చూసింది. డబ్బాలో కరిగిపోతున్న రీలు చూసింది. అన్నని చూసింది.

"నువ్వా? నాన్నని మింగింది చాల్లేదా అన్నయ్యా? నా పాటలు కూడా నీకే కావలసొచ్చాయా?"

అతను తల వంచుకున్నాడు. ఆమె రెండు చేతులతో అతని గుండెల మీద బాదింది. చెంపలు వాయించింది. గోళ్లతో మొహం రక్కింది. ఆ చేతుల్ని అడ్డుకోవడానికి కూడా అతను చెయ్యెత్తలేదు.

"పోలీసుల్ని పిలవండి మాస్టారూ. నేను సాక్ష్యం చెప్తాను. ఈసారి బయటికి రాకూడదు వీడు."

మాస్టారు విరిగిన భుజం పట్టుకుని గోడకి ఆనుకుని లేచాడు. నోట్లో నెత్తురు ఉమ్మేశాడు.

"పోలీసులెందుకమ్మా. పాత మిషను, పేలిపోయింది. మీ అన్నయ్యే లోపలికొచ్చి నన్ను ఇవతలికి లాగాడు."

ఆమె నమ్మలేదు. రాడ్డు చూపించింది. అరిచింది. ఎంత అరిచినా మాస్టారు అదే మాట చెప్పాడు.

ఎందుకంటే తెర నల్లబడిన ఆ నాలుగు క్షణాల్లో, ఆనాటి టీవీ అద్దంలో ఆయన కళ్లారా చూశాడు: తల్లి గొంతు నులుముతున్న తండ్రి నెత్తిన రెండు చేతులతో ఇస్త్రీపెట్టె దించింది పదేళ్ల ఆడపిల్ల, అన్న అప్పుడే కాలేజీ పుస్తకాలతో గుమ్మంలో అడుగుపెడుతున్నాడు.