రుమాలు తాకట్టు

“ఒక్క కాయితం కూడా రాయించుకోరా?” అమర్నాథ్ మళ్లీ అడిగాడు.

రేవణసిద్ధప్ప తీరిగ్గా తమలపాకుకు సున్నం రాస్తూ గోడకేసి చూపించాడు. గోడ పొడుగునా కొయ్యలు, ప్రతి కొయ్యకూ తలకు చుట్టే రుమాలు ఒకటి. జహీరాబాద్ చుట్టుపక్కల అల్లం రైతులు విత్తనానికి అప్పు తీసుకుంటూ నెత్తిమీంచి తీసి ఇచ్చినవి.

“కాయిదం చినుగుతది సారూ, ఇజ్జత్ చినగదు. రుమాలు ఇడిసిపెట్టినోడు బాకీ తీరేదాక పెండ్లికి పోడు, జాతరకు పోడు. ఉత్త నెత్తితోని పదిమందిల ఎట్ల కూసుంటడు? పంట అమ్మంగనే ఉరికొస్తడు.”

అమర్నాథ్‌కు ప్రాణం లేచొచ్చింది. హైదరాబాదులో అతని ఫైనాన్సు కంపెనీ నిండా రిటైరైన పెద్దమనుషుల డిపాజిట్లే. అందులో అతని తండ్రిదీ ఉంది. పట్నంలో స్టాంపు కాయితాల మీద సంతకాలు చేసినవాళ్లే ఎగ్గొడుతుంటే, ఎగవేతే ఎరగని షావుకారు ఒకడున్నాడని విని, ఆయన చేతుల మీదుగా అప్పులిద్దామని మేనేజర్‌ను ఒప్పించి వచ్చాడు. బెడిసికొడితే ఉద్యోగం పోతుంది. అంతకంటే, తండ్రికి మొహం చూపించలేడు.

కానీ ఈ మనిషిని చూస్తే భయం వేయడం లేదు. పొద్దున గొడుగు పట్టుకుని తోటలన్నీ తిప్పాడు. రైతులు గట్ల మీద లేచి నిలబడి దండం పెట్టారు. ఇంట్లో గోడకు రంగులద్దిన ఆయన ఫొటో ఉంది. ఎర్ర రుమాలు, వెడల్పాటి జరీ అంచు, మెలేసిన మీసం. పెళ్లికొడుకులా ఉన్నారే అని అమర్నాథ్ ఆటపట్టిస్తే, అది తన తండ్రి రుమాలనీ, పండగలకే కడతాననీ చెప్పి నవ్వాడు.

అమర్నాథ్ చెక్కు రాసి ఇచ్చేశాడు. ఎనభై నాలుగో సంవత్సరం ముగిసేలోపు జహీరాబాదులో కంపెనీ పాగా వేసినట్టే అనుకున్నాడు.

అంతలో మొగుడంపల్లి నుంచి సంగప్ప అనే పాలేరు అక్షింతలతో వచ్చాడు. తమ యజమానురాలు చెన్నమ్మ మనవరాలి పెళ్లి ఇవాళే, షావుకారు రావాల్సిందే అన్నాడు.

“పట్నం సారును ఇడిసి ఎట్లొస్త?” అన్నాడు రేవణసిద్ధప్ప.

“సారును గూడ తీస్కరాన్రి.”

“సారుకు దూరమైతది.”

“జీపుందిగా, పోదాం పదండి,” అన్నాడు అమర్నాథ్ హుషారుగా.

రేవణసిద్ధప్ప నడుం పట్టుకున్నాడు. గతుకుల దారి తన వల్ల కాదన్నాడు. ఇంత ఉన్నా విందుల మీద యావ లేని మనిషని అమర్నాథ్‌కు గౌరవం ఇంకాస్త పెరిగింది.

సంగప్పను జీపెక్కించుకుని తనొక్కడే బయలుదేరాడు.

మొగుడంపల్లిలో పందిరి నిండా రంగురంగుల రుమాళ్లు. చెన్నమ్మ చెరకు తోటల ఆసామి, మాటకారి. పట్నం అతిథిని ఎండలో ఉంచకుండా లోపలి గదిలో కూర్చోబెట్టి స్వయంగా పానకం ఇచ్చింది. అమర్నాథ్ ఆగలేక, రేవణసిద్ధప్పకు తమ కంపెనీ పెద్ద మొత్తమే ఇచ్చిందని గొప్పగా చెప్పాడు.

ముసలామె చేతిలోని చెంబు కింద పెట్టింది.

“ఇచ్చినవా? ఎప్పుడు?”

“ఈ పొద్దునే.”

ఆమె మొహం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

“సల్లగుండు బిడ్డా. మూడేండ్ల సంది ఎదురుచూస్తున్న.”

ఆమె వెనకాల కొయ్యకు వెడల్పాటి జరీ అంచు ఎర్ర రుమాలు వేలాడుతోంది.