నీళ్ల బొమ్మ

"ఓ పెద్దమనిషీ! ఎవల్నడిగి గీస్తున్నవ్ మా గోడ మీద?"

రఘుపతి గద్దింపుకి ముసలాయన కుంచె దించాడు.

సూరత్‌లో, తెలంగాణ నుంచి వలసొచ్చిన నేతకారుల గల్లీలో రఘుపతికి పన్నెండు పవర్‌లూమ్ మగ్గాల కార్ఖానా ఉంది. దాని గోడ మీద పొద్దున్నుంచీ ఈయన బొమ్మ వేస్తున్నాడు. వెనక ఖాడీ వాగు, ఒడ్డున తుమ్మ చెట్లు, ముందు ఇదే గల్లీ. గల్లీ నిండా మాత్రం నడుముల్లోతు నీళ్లు. నీళ్ల మధ్య ఒక కట్టె, దానికో ఎర్రగుడ్డ.

"వానలు మునుపటి లెక్క లెవ్వు నాయనా. నెల వాన పూటల పడుతున్నది. నీళ్లొస్తే మీ గల్లీ గిట్లనే ఉంటది."

"మరి గా కట్టె ఏంది?"

"నీళ్లు పోవాలని గట్టర్ మూత తీస్తరు గదా. తీసిన కాడ గిట్ల ఓ కట్టె నిలబెట్టుండ్రి."

రఘుపతికి ఎక్కడో చురుక్కుమంది. మూత తీసేది తనే. మోటార్లలోకి నీళ్లు పోతే బతుకు బజారున పడుతుందని ప్రతి వానకూ తీస్తాడు.

"బోనాల ముంగట గోడకు వరద బొమ్మనా? అపశకునం! నడువ్!"

ముసలాయన కుంచె తుడుచుకున్నాడు.

"కట్టె సంగతి జర యాదుంచుకో నాయనా" అని మాత్రం అని, రంగు డబ్బాలు సర్దుకున్నాడు.

బోనాలకు గోడలకు సున్నం వేయడం ఆనవాయితీ. రఘుపతి ఆ గోడకు ఒక పూత ఎక్కువే వేయించాడు.

పది రోజులకు పట్టపగలే ఆకాశానికి చిల్లు పడింది. ఖాడీ పొంగి గల్లీలోకి వచ్చింది. రఘుపతి ఎప్పటిలాగే గడ్డపారతో మూత లేపి, మోటార్లు విప్పడానికి లోపలికి పరుగెత్తాడు. కట్టె సంగతి గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. మోటార్లయ్యాక చూద్దాంలే అనుకున్నాడు.

బయటికి వచ్చేసరికి, బడి నుంచి వస్తున్న కూతురు సంగీత నీళ్ల మధ్యలో ఉంది.

"బిడ్డా, ఆగు!"

కేక వానలో కలిసిపోయింది.

మూత తీసిన గుంత ముందర ఆ ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతులు చాచి, వచ్చేవాళ్లను పక్కకు మళ్లిస్తున్నాడు. సంగీత రెక్క పట్టుకుని గోడవైపు దాటించాడు. నీళ్లు తీసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

రఘుపతి సిగ్గుతో చితికిపోయాడు. ఎదురుపడి దండం పెట్టడానికి మొహం చెల్లలేదు.

వారం తర్వాత, ఆయన చీరల డిజైన్లు గీసే ముత్యం అని తెలుసుకుని, ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. భార్య పోశమ్మ తలుపు తీసింది. రఘుపతి తన గల్లీ పేరు చెప్పి, ఆయన ఉన్నాడా అని అడిగాడు.

"మొన్ననే పోయిండు బిడ్డా. గా నీళ్లల్ల నిలబడి జ్వరం తెచ్చుకున్నడు."

రఘుపతి గడపలోనే చెప్పులు విడిచాడు.

"మా గల్లీ ఆయనకేమైతదమ్మా? గంత పట్టింపెందుకు?"

పోశమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"పోయినేడు వానల మా మనుమరాలు సుమన, మీ గల్లీలకెళ్లి వస్తున్ననని ఫోన్ల చెప్పింది, గదే ఆఖరి మాట. తెరిచిన గట్టర్ల పడి ఖాడీల తేలింది బిడ్డా. మూత తీసినోడెవడని దాని తాత ఒక్కనాడు అడుగలే."