ఒక్క నిమిషం ఆగాలి

"ఇది ఎవరి వల్ల పాడైందో ముందు అది చెప్పు లాజరూ," అన్నాడు అంకారావు.

తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీదున్న లాజరు మెకానిక్ షెడ్డులో ఆయన కారు బానెట్ తెరుచుకుని ఉంది. మామిడికాయల వ్యాపారి ఆయన. కారు కొని రెండేళ్లు కూడా కాలేదు. నాలుగు రోజులుగా సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తోంది. ఎత్తు ఎక్కాలంటే బండి లాగడం లేదు. యాక్సిలరేటర్ తొక్కితే ఈల వేసినట్టు చప్పుడు.

లాజరు ఇంజనులోకి గాలిని బలంగా తోసే టర్బో దగ్గరి గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి చూశాడు. ఇరుసు వదులైపోయి అటూ ఇటూ కదులుతోంది. కింద బోల్టు విప్పితే ఆయిల్ ధారగా పడలేదు. ముదిరిన బెల్లం పాకంలా ముద్దలుగా జారింది.

అది చూడగానే అతనికి సంగతి అర్థమైంది. ఆ ఆయిల్ తను పోసిందే. చిన్న పెట్రోల్ ఇంజను, మూడే సిలిండర్లు. టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దానికి పల్చటి ఆయిలే పోయాలి. కిందటి సర్వీసు రోజున ఆ డబ్బాలు అయిపోతే, పాత జీపులకు వాడే డ్రమ్ములోంచి చిక్కటిది తీసి పోసేశాడు. ఏం కాదులే అనుకున్నాడు.

"చెప్పవేంటి?" అన్నాడు అంకారావు.

లాజరు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. బెంచీ మీద ఇంకో ఇద్దరు కస్టమర్లు కూర్చుని వింటున్నారు.

"నడిపే పద్ధతిలో ఉందండి," అన్నాడు. "టర్బో బండిని వేగంగా తెచ్చి టక్కున ఆపేయకూడదు. ఒక్క నిమిషం ఇంజన్ని అలా ఆడనిచ్చి, అప్పుడు తాళం తిప్పాలి. లేకపోతే లోపల ఆయిల్ మాడిపోయి ఇలా గడ్డకడుతుంది."

ఆ మాటలో తప్పేమీ లేదు. ఈ కారు విషయంలో మాత్రం అది నిజం కాదు.

అంకారావు డ్రైవరు వైపు తిరిగాడు. ఏడుకొండలు పదకొండేళ్లుగా ఆయన దగ్గరే చేస్తున్నాడు.

"ఏరా, అలాగే ఆపుతున్నావా?"

"అవునండి," అన్నాడు ఏడుకొండలు మెల్లగా. "నిమిషం ఉంచాలని నాకు తెలీదండి."

"తెలీనివాడికి స్టీరింగ్ ఎందుకు? తాళం అక్కడ పెట్టెయ్. రేపటి నుంచి రానక్కర్లేదు."

ఏడుకొండలు బతిమాలలేదు. తాళం బల్ల మీద పెట్టాడు. లాజరు ఏదో అనబోయాడు. బెంచీ మీదున్న ఇద్దరూ తననే చూస్తున్నారనిపించి, మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

అంకారావు వెళ్లిపోయాక ఏడుకొండలు దగ్గరికొచ్చాడు.

"లాజరన్నా, నిమిషం చాలా? ఇంకా ఎక్కువ ఉంచాలా?"

"నీకెందుకిప్పుడు?"

"ఇంకోచోట చేరితే వాళ్ల బండి కూడా పాడుచేస్తానేమోనని."

"చాలు," అన్నాడు లాజరు. అతని మొహం చూడలేక బానెట్ కిందికి వంగిపోయాడు. వంగిన చోట పనేమీ లేదు. అడుగుల చప్పుడు రోడ్డెక్కేదాకా అలాగే ఉండిపోయాడు.

విజయవాడ నుంచి కొత్త టర్బో తెప్పించి బిగించాడు. ఈసారి పల్చటి ఆయిల్ పోశాడు. బండి చప్పుడు లేకుండా నడిచింది. పని బాగుందని అంకారావు ఫోన్లో మెచ్చుకుంటే లాజరుకు చెవులు కాలినట్టయింది. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే అతను మాత్రం నేల చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున్న ఫిల్టర్ల పార్సిల్ కోసం బస్టాండుకి వెళ్లాడు. యాక్టింగ్ డ్యూటీ కోసం, అంటే ఎవరైనా ఒక్కరోజుకి పిలిస్తే వెళ్దామని, డ్రైవర్లు టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లలో ఏడుకొండలు ఉన్నాడు. లాజరుని చూడలేదు. పక్కనున్న కుర్ర డ్రైవరుకి ఏదో చెబుతున్నాడు.

"టర్బో బండైతే వచ్చీరాగానే ఆపేయకు. ఒక్క నిమిషం ఆగాలి. నాకు తెలియక మా అయ్యగారి బండి పాడుచేశాను. పదకొండేళ్ల పని పోయింది."

లాజరు పార్సిల్ తీసుకోలేదు. మోటార్ సైకిల్ తిప్పి నేరుగా అంకారావు ఇంటికి వెళ్లాడు.

ఆయన వరండాలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. లాజరు చెప్పులు విడిచి, మెట్టు కిందే నిలబడ్డాడు.

"తప్పు నాదండి," అన్నాడు. "ఆ బండికి పోయకూడని ఆయిల్ పోశాను. నా షెడ్డు పేరు పోతుందని అతని మీదికి నెట్టాను. ఏడుకొండల్ని మళ్లీ పెట్టుకోండి. మీరెక్కడ చెప్పమంటే అక్కడ, ఎంతమందిలోనైనా చెబుతాను."

అంకారావు ఆశ్చర్యపోలేదు. కోప్పడలేదు. పేపర్ మడిచి పక్కన పెట్టి, గేటు దగ్గర ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు. "ఏ ఆయిల్ పోయాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంది. ఏది పోశావో నీ బిల్లులో ఉంది. రెండూ చూసుకునే నీ దగ్గరికి వచ్చాను."

లాజరుకు అర్థం కాలేదు. "మరి అప్పుడే నన్ను నిలదీయలేదేంటండి?"

"మా అబ్బాయి డ్రైవింగ్ నేర్చుకున్నాడు, ఇంక డ్రైవరుతో పనేముంది? అన్నేళ్లు చేసినవాణ్ణి ఊరికే పొమ్మంటే ఊరంతా నన్నే అంటుంది," అన్నాడు అంకారావు. "నువ్వు నిజం చెప్పవన్న నమ్మకంతోనే లాజరూ, నలుగురి ముందు నిన్ను అడిగింది."