విడుదల అని పడింది

ఆ జిల్లాలో ఎవరిని అరెస్టు చేసినా, మరుక్షణం ఆ వార్త ఫొటోతో సహా ప్రతి ఇంటి గోడతెర మీదా కనిపించేది. గని దగ్గర ధర్నాకు వెళ్లిన చెల్లెలు వనజ ముఖం అక్కడ చూసి అరుంధతి ఏడవలేదు. కనిపించిందంటే ప్రాణాలతో ఉన్నట్టే. ఇరుగుపొరుగువాళ్లు తనతో మాటలు మానేసినా, రోజూ వంట చేసుకుంటూ ఆ ముఖాన్నే చూసుకునేది.

ఒక ఉదయం ఫొటో కింద "విడుదల" అని పడింది. అరుంధతి గోంగూర పప్పు వండి ఎదురుచూసింది. సాయంత్రమైనా వనజ రాకపోయేసరికి జైలుకు పరుగెత్తింది.

"మా చెల్లి ఇంటికి రాలేదు సార్."

గేటు దగ్గరి ముసలి వార్డరు తన గదిలోని తెర చూశాడు. "పొద్దున్నే వదిలేసినట్టుందమ్మా."

"మీరు కళ్లారా చూశారా?"

ఆయన తల దించుకుని, "పొద్దుట్నించీ ఈ గేటు తియ్యనే లేదు తల్లీ," అన్నాడు.