మొదటి ఫోటో

"పేజీ తెరుచుకుంది గానీ బియ్యం రాలేదు!" అంది అనూష, ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని.

ఉదయం పదిన్నరైంది. పదకొండింటికి నెల్లూరులో హోటల్ నడిపే ప్రమీలమ్మ ఆ వెబ్ పేజీ తెరిచి చూస్తానంది. గింజ నచ్చితే తోటపల్లి గూడూరు ఆడవాళ్ళ సంఘం పండించిన మొలగొలుకుల బియ్యమంతా ఆమె హోటల్‌కే. నచ్చకపోతే ఎప్పటిలాగే దళారి కాళ్ళావేళ్ళా పడాలి. పేజీ చేయడానికి బయటివాళ్ళెందుకు, నేను చేస్తాగా అని సంఘంలో అందరి ముందూ గొప్పగా చెప్పింది అనూష. ఫోన్లో పాఠాలు చూసి నెల రోజుల్లో నేర్చుకుంది కూడా.

పొలం, నాట్లు, కోత, బస్తాలు, ఆ నాలుగు ఫోటోలూ ముచ్చటగా వచ్చాయి. అన్నిటికంటే పైన, బియ్యం కనిపించాల్సిన చోట మాత్రం ఖాళీ డబ్బా, దాని మూలన చిరిగిన కాగితం లాంటి బొమ్మ.

వరండాలో అత్త వెంకటశేషమ్మ బియ్యం రాశి ముందు కూర్చుని, నమూనా సంచుల్లోకి మానికతో కొలిచి పోస్తోంది. పక్కనే కాటా ఉంది. దాని మీద ఆమెకు కాస్త కూడా నమ్మకం లేదు. "లాభం... రెండు... మూడు..." లెక్క నోట్లో సాగుతోంది, చెవులు మాత్రం కోడలి దగ్గరే ఉన్నాయి.

"ఏందిమే, నేను తీసిన ఫోటో బాగలేదా?"

"నువ్వు తీసింది బంగారంలా ఉందత్తా. నేను రాసిందాంట్లోనే ఏదో తప్పుండాది."

చెన్నైలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మరిది నరేంద్రబాబుకు ఫోన్ చేసింది. అతను ముందు తీరిగ్గా నవ్వుకున్నాడు.

"నేను చేసిస్తానంటే వినకపోతివి. సరే, ఫోటో సైజు మార్చి చూడు వదినా."

మార్చింది. ఖాళీ డబ్బా అలాగే ఉంది. పైగా నాట్ల ఫోటో తెరంతా పరుచుకుంది. సమయానికి లోపలికొచ్చిన సంఘం ప్రెసిడెంటు పేరమ్మ అది చూసి గుండెలు బాదుకుంది.

"ఓయమ్మో! నా కొంగు ఒక్కటే కనబడతా ఉండాదే! హోటలామె బియ్యం కొనాల్నా, నా చీర కొనాల్నా?"

అనూషకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాట్ల ఫోటోని మళ్ళీ దాని చోటికి పంపేసరికి పదీ నలభై ఐదు.

"వదినా, అసలు ఫోల్డర్‌లో ఫోటోలుండాయా?" అన్నాడు నరేంద్రబాబు.

"ఐదూ ఉండాయి. లెక్కపెట్టినా."

"పేజీలో ఏం పేర్లు రాసినావు?"

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అత్తనీ అట్లే పెట్టమన్నా."

"సరిగానే ఉంది గదా..." అన్నాడతను. అనూష వరండా వైపు తిరిగింది.

"అత్తా! ఫోటోలకి లెక్క ప్రకారం వరసగా పేర్లు పెట్టినావు గదా?"

"పెట్టకేం! మైకు నొక్కి నా నోటితోనే చెప్పినా. నలభై ఏళ్ళుగా కొలస్తా ఉండా, లెక్క తప్పే మనిషినా నేను?" అత్తకు రోషం వచ్చింది. చేతిలో మానిక పక్కన పెట్టేసింది.

పదీ యాభై అయింది. పేరమ్మ గోడ గడియారం వంకా, అనూష వంకా మార్చి మార్చి చూస్తోంది.

"వదినా, ఫోల్డర్‌లో ఎన్నుండాయో చూసినావు సరే, వాటి పేర్లు చదివినావా?"

చదవలేదు. అనూష గబగబా ఫోల్డర్ తెరిచింది. ఒక్కో పేరూ చూసుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర ఆగింది. తెర వంక చూసింది, వరండాలో మూతి బిగించి కూర్చున్న అత్త వంక చూసింది. ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వింది.

"పిల్లకి మతి పోయిందే!" అంది పేరమ్మ.

ఫోటో పేరు మార్చడానికి అనూషకు మనసు రాలేదు. పేజీలో తాను రాసిన మాటే ఒకటి చెరిపి, ఇంకొకటి రాసింది. అంతే! వెంకటశేషమ్మ అరచేతిలో నిండుగా, సన్నగా, తెల్లగా మొలగొలుకులు తెర మీద మెరిశాయి. పేరమ్మ ముక్కు మీద వేలేసుకుంది. అనూషకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే.

పదకొండూ పదికి ప్రమీలమ్మ ఫోన్ చేసింది.

"పై ఫోటోలో ఆ చెయ్యి ఎవరిదమ్మా?"

"మా అత్తదండీ."

"గింజ చూస్తేనే ఆకలేసింది. ఈ ఏడు మీ సంఘం పంటంతా నాకే. ఇంకెవరికీ మాటివ్వబాకండి."

పేరమ్మ వేసిన కేకకు వీధిలోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఇంట్లో ఉన్న బెల్లమంతా పది నిమిషాల్లో ఖాళీ అయింది. అంత సందట్లోనూ నరేంద్రబాబు మళ్ళీ ఫోన్ చేశాడు.

"తప్పెక్కడుందో చెప్పు వదినా. అది తెలీకుంటే నాకు పని మీద మనసు నిలవదు."

"మీ అమ్మనే అడుగు," అని అనూష ఫోన్ అత్త చేతికిచ్చింది.

"అమ్మా, మొదటి ఫోటోకి ఏం పేరు పెట్టినావు?"

వెంకటశేషమ్మ విస్తుపోయింది. "అదేం ప్రశ్నరా? బియ్యం ఫోటో గదా, మొదటి కొలతని ఒకటి అనే దరిద్రం మనింట్లో ఎప్పుడన్నా ఉండిందా? 'లాభం' అనే పెట్టినా!"