పేరు లేని యంత్రం

"ఇంకో ఇరవై నిమిషాల్లో ఇన్‌స్పెక్టర్ మేడమ్ వచ్చేస్తారు. తెర నిండా ఆ ఎర్ర చుక్కలేంటమ్మా?" సూపరింటెండెంటు గుమ్మంలోంచే అరిచాడు.

డేగ తెర మీంచి చూపు తిప్పలేదు. ఆస్పత్రి క్లౌడ్ మీద నిఘా పెట్టే ఆమెకు తోటివాళ్లు చాటుగా పెట్టిన పేరది. రోగుల రికార్డులన్నీ ఎక్కడో దూరాన అద్దె కంప్యూటర్లలో ఉంటాయి. వాటిలో ఏది రూలు తప్పినా ఆమె తెర మీద ఎర్ర చుక్క పడుతుంది. ఆ ఉదయం ఇరవై ఏడు పడ్డాయి.

"ఇరవై ఆరు చిల్లర తప్పులు సార్. ఒకటి మాత్రం నిప్పు. మానసిక వైద్యం రిపోర్టులున్న యంత్రానికి తాళం లేదు. లింకు దొరికితే ఎవరైనా చదివేయొచ్చు."

సూపరింటెండెంటు కుర్చీలో కూలబడ్డాడు. "మన లైసెన్సు పోతుంది. దానికన్నా ముందు నీ ఉద్యోగం పోతుంది. తాళం వెయ్యి మరి!"

"పెట్టినవాళ్లే వెయ్యాలి సార్. వాళ్లెవరో పేరు రాసి చావలేదు. ఈ ఇరవై ఏడింటికీ అదే రోగం. ప్రతి యంత్రానికీ యజమాని పేరు రాయండి మహాప్రభో అని మూడుసార్లు మెయిల్ పెట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది."

"ఇప్పుడెలా?"

ఆమె పెదవి కొరుక్కుంది. "పేరు లేని యంత్రాలను ఆపేసే ఆజ్ఞ ఒకటి రాసిపెట్టాను. నేను చేరిన మొదటిరోజు పెట్టిన ఈ నిఘా యంత్రమే దాన్ని నడుపుతుంది. అన్నిటికన్నా పాతదానితో మొదలుపెట్టి ఒక్కోదాన్నీ ఆపుకుంటూ పోతుంది."

"వార్డుల్లో రోగులకేమైనా అయితే?"

"వార్డు యంత్రాలన్నిటికీ నేనే పక్కన కూర్చుని పేర్లు రాయించాను."

"అయితే నొక్కు తల్లీ, నొక్కు!"

నొక్కింది. తెర ఒకసారి ఆరి వెలిగింది. ఇరవై ఏడు చుక్కలూ ఒక్క దెబ్బకు మాయమయ్యాయి. పైన పెద్ద పచ్చటి అక్షరాలు: 'తప్పులు: 0'.

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇన్‌స్పెక్టర్ చెప్పిన టైముకే వచ్చింది. నవ్వని మనిషి. కళ్లజోడు సవరించుకుని తెర వంక చాలాసేపు చూసింది.

"ఈ వారం నాలుగు ఆస్పత్రులు చూశాను. సున్నా ఎక్కడా కనిపించలేదు," అంది చివరికి.

"మా డేగ కళ్లు అలాంటివి మేడమ్," అనేసి సూపరింటెండెంటు నాలిక కరుచుకున్నాడు. మొదటిసారి ఆ పేరు ముఖం మీదే విన్నా డేగకు కోపం రాలేదు, గర్వంగానే అనిపించింది.

ఇన్‌స్పెక్టర్ సంతకం చేసి పెన్ను మూత పెడుతుండగా బల్ల మీద ఫోను మోగింది. రిసెప్షన్ అమ్మాయి.

"అక్కా, కౌంటర్ దగ్గర ఒకాయన ఏడుస్తున్నాడు. ఆయన డిప్రెషన్ రిపోర్టు వాళ్ల ఆఫీసులో అందరి ఫోన్లలోనూ తిరుగుతోందట."

"అది పాత సంగతిలే," డేగ గొంతు తగ్గించింది. "ఇందాకే మూసేశాను."

"లేదక్కా. లింకు ఇప్పుడు నా ఫోన్లోనే తెరిచాను. ఆయనదే కాదు, అందరివీ ఉన్నాయి."

ఇన్‌స్పెక్టర్ ఆమె ముఖంలోకే చూస్తోంది. డేగ తెరను కిందికి, ఎవరూ చదవని సన్నటి అక్షరాల దాకా జరిపింది.

'తనిఖీ చేసినవి: 0. ఆపిన యంత్రాలు: 1. ఆపిన యంత్రం: నిఘా. కారణం: యజమాని పేరు రాయలేదు.'