మళ్లీ రేపల్లే

బాపట్ల మైదానంలో ఆట మొదలవబోతుంటే, ఎదురొస్తున్న రేపల్లె కాలేజీ కోచ్ శేషాచారిని చూసి తెనాలి కాలేజీ కోచ్ జీవరత్నం ఉసూరుమన్నాడు.

"మళ్లీ మీరేనా మాస్టారూ? ఎనభై మూడు నుంచి గుంటూరు జోన్‌లో మా ఫుట్‌బాల్ టీముని ఏటా ఓడించారు. మీ ధాటికి ఆగలేక ఒంగోలు జోన్‌కి మారితే అక్కడికీ వచ్చారు. ఈ ఏడు బాపట్ల జోన్‌కి పారిపోయొచ్చాం. ఇక్కడా మీరే. యూనివర్సిటీ వాళ్లకి మామీద పగేంటండీ?"

శేషాచారి నవ్వాడు. "వాళ్లకేం తెలుసండి. మీరు మారినప్పుడల్లా మమ్మల్నీ అక్కడే వెయ్యమని అర్జీ పెట్టింది నేను."

"సులువుగా గెలవచ్చనా?" జీవరత్నం ముఖం మాడిపోయింది.

"సులువా? ఎప్పుడూ ఒక్క గోలుతోనే కదండీ గట్టెక్కింది. వేరేవాళ్లు రెండు గోల్స్ పడగానే చేతులెత్తేస్తారు. మీ పిల్లలు చివరి విజిల్ దాకా వదలరు. మీతో ఆడాకే మావాళ్లకి ఆటంటే ఏంటో తెలిసింది."

జీవరత్నం వెనక్కి తిరిగి, మైదానంలోకి దిగుతున్న తన పిల్లల్ని చూశాడు.

ఆ సాయంత్రమూ తెనాలి ఒక్క గోలు తేడాతోనే ఓడింది. బూట్లు విప్పుకుంటూ కెప్టెన్ దేవదానం దిగులుగా అడిగాడు: "వచ్చే ఏడాది ఏ జోన్‌కి మారదాం సార్?"

"ఎక్కడికీ వద్దురా" అన్నాడు జీవరత్నం, అతని భుజం మీద చెయ్యేసి. "రేపల్లె ఉన్న జోనే మనది."